తుపాను నెలలకు ముందే సరుకులు: మూడు వేల రూపాయల్లో ఎలా సర్దుకోవాలి?

కంచరపాలెం కోడలు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. విశాఖపట్నం కంచరపాలెంలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. ఇంట్లో ఐదుగురం: నేను, మావారు, మూడో తరగతి చదివే బాబు, అత్తగారు, మామగారు. అత్తగారికి చక్కెర వ్యాధి. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేయాలి.

నాకు 2014 ఆగస్టులో పెళ్లయింది. కాపురానికి వచ్చిన రెండు నెలలకే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. అప్పటికి ఇంట్లో ఉన్నవి సగం ప్యాకెట్ కొవ్వొత్తులు, అడుగంటిన గ్యాస్ సిలిండరు, మూడు రోజుల బియ్యం. కరెంటు లేదు, కుళాయి రాలేదు, ఏటీఎం పని చేయలేదు. మూడో రోజు మామగారు పడిపోయిన చెట్ల మధ్య నుంచి నడిచి వెళ్లి రెండు పాల ప్యాకెట్లు తెచ్చారు. ఒక్కొక్కటి అరవై రూపాయలట. ఆ డబ్బు అత్తగారి పోపుల డబ్బాలోంచి వచ్చింది. ఆ డబ్బానే లేకపోతే ఆ రోజు పాలు కూడా లేవు.

ఆ భయం నాలో ఉండిపోయింది. అందుకే పోయిన అక్టోబరులో మొంథా వస్తోందని టీవీలో చెప్పగానే సంచి పట్టుకుని పరుగెత్తాను. లీటరు నీళ్ల సీసాలు ఇరవై నాలుగు 480, బ్రెడ్డు ఆరు ప్యాకెట్లు 300, టార్చిలైట్లు రెండు 900, కొవ్వొత్తులు 300, బిస్కెట్లు 360, పాలపొడి 300. మొత్తం 2,640 రూపాయలు. అక్టోబరు 28 రాత్రి తుపాను గోదావరి జిల్లాల వైపు తీరం దాటింది. మాకు వానలు పడ్డాయి, గాలి వీచింది కానీ ఇంట్లోంచి కదల్లేని పరిస్థితి రాలేదు. ఆరు బ్రెడ్లలో నాలుగు బూజు పట్టాయి. పాలపొడి గడ్డకట్టింది. సంక్రాంతికి టార్చిలైటు వేస్తే వెలగలేదు. రెండోది కూడా అంతే.

ఈసారి ముందే మేలుకున్నాను. ఆగస్టులో వెయ్యి, సెప్టెంబరులో వెయ్యి, అక్టోబరు మొదట్లో ఇంకో వెయ్యి పక్కన పెట్టగలను. ఈ మూడు వేలతో ఐదుగురికి నాలుగైదు రోజులు గడిచేలా ఏమి కొనాలి, ఎక్కడ కొనాలి, ఎప్పుడు కొంటే చవక? తుపాను రాకపోయినా ఒక్క గింజ పారేయకూడదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

పాత కొట్టు పెద్దాయన (గాజువాక):

అమ్మా, మీ లెక్క చదివాను. ఇరవై ఆరేళ్లు కిరాణా కొట్టు నడిపాను, 2019లో మూసేశాను. కొట్టు గల్లా దగ్గర కూర్చుని చూసినవి చెబుతాను.

హెచ్చరిక వెలువడిన రోజు ఏ వస్తువుకూ బేరం ఉండదు. ధర పెంచేవాళ్లు కొందరుంటారు, వాళ్ల సంగతి వదిలేయండి. పెంచనివాడి దగ్గర కూడా ఆ రోజు చవక దొరకదు. మామూలు రోజుల్లో చిన్న కొట్టులో కొవ్వొత్తులు, బ్యాటరీలు నాలుగు రోజులకు సరిపడా మాత్రమే ఉంటాయి. వానలంటే సరఫరా బండి రాదు. హుద్‌హుద్ ముందురోజు నా కొట్టులో కొవ్వొత్తులు రెండు గంటల్లో అయిపోయాయి. మొదట వచ్చినవాళ్లు డజన్లకు డజన్లు అడిగారు, ఇచ్చేశాను. సాయంత్రం ఒక పసిబిడ్డ తల్లి వచ్చి ఒక్కటి ఉంటే చాలు అంది. నా దగ్గర లేదు. ఆ తరువాత ఏ తుపానుకైనా ఇంటికి రెండు ప్యాకెట్లు మించి ఇవ్వలేదు. మీరు ఆగస్టులో కొంటే మీకు డబ్బు మిగులుతుంది, ఆ రోజు కొట్టులో ఇంకొకరికి సరుకూ మిగులుతుంది.

నెలలో ఎప్పుడు కొనాలంటే, ఇరవయ్యో తేదీ దాటాక. ఒకటి నుంచి పది వరకు జీతాల డబ్బుతో నెల సరుకులకు జనం వస్తారు, కొట్టువాడికి తగ్గించాల్సిన అవసరం ఉండదు. నెలాఖరులో కంపెనీ సేల్స్‌మన్‌లు లక్ష్యాలు పూర్తి చేసుకోవాలని మాకు పదికి ఒకటి ఉచితం, పెట్టెకు ఇంత తగ్గింపు అని ఇస్తారు. అందులో కొంత మేము ఇవ్వగలం. అడిగినవాళ్లకే ఇస్తాం. కాబట్టి అడగండి. వీలైతే ఇరుగు పొరుగు రెండు మూడు ఇళ్లు కలిసి పూర్ణ మార్కెట్‌కు వెళ్లి టోకున కొనుక్కోండి. పది కిలోల అటుకులు ముగ్గురు పంచుకుంటే ఆటో ఖర్చు పోను కూడా మిగులుతుంది. ఒక్క ఇంటికే రెండు కిలోల కోసం అంత దూరం వెళ్తే మిగిలేది ఏమీ ఉండదు, మీ వీధి కొట్టే మేలు.

ఇక అసలైన చవక పంటల క్యాలెండరులో ఉంది. మా అమ్మ కాలంలో ఏడాది సరుకు అనేవారు, ఇప్పుడు ఆ మాటే వినపడదు. అనకాపల్లిలో కొత్త బెల్లం సంక్రాంతి నుంచి మార్కెట్ నిండా వస్తుంది. అప్పుడు కొని గాలి తగలని స్టీలు డబ్బాలో పెట్టుకుంటే వానల్లో నీరు కారదు. చింతపండు ఉగాది ముందు కొత్తది వస్తుంది. కందిపప్పు మాఘమాసంలో కొని, కొంచెం ఆముదం పట్టించి, ఎండలో పెట్టి దాచేవారు, పురుగు ఆనేది కాదు. బియ్యం సంగతి ఇంకా ముఖ్యం. జనవరి, ఫిబ్రవరిలో కొత్త బియ్యం చవక, ఎందుకంటే అన్నం ముద్దవుతుందని ఎవరూ కొనరు. పాత బియ్యానికి బస్తా మీద రెండు మూడు వందలు ఎక్కువ. అదే కొత్త బియ్యం కొని డబ్బాలో ఎండు వేపాకు, ఎండుమిరపకాయలు వేసి ఉంచితే, తుపాను నెలలు వచ్చేసరికి మీ ఇంట్లోనే పాతబడతాయి. ఈ ఏడాదికి ఆ సమయం దాటిపోయింది. వచ్చే జనవరికి గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు మీరు కొనాల్సింది మీ ఇంట్లో మామూలుగా తినేదే. అటుకులు, మరమరాలు, పుట్నాలపప్పు, వేరుశనగ గుళ్లు, బెల్లం, ఉప్మా రవ్వ. పొయ్యి వెలిగించకపోయినా అటుకులు నీళ్లలో తడిపి బెల్లం కలిపి బాబుకు పెట్టవచ్చు. అత్తగారికి బెల్లం వద్దు కాబట్టి వేయించిన గుళ్లు, పుట్నాలు, నిమ్మకాయ పిండిన అటుకులు. తుపాను రాకపోతే కార్తీకమాసంలో అదే ఫలహారం. అప్పుడు పారేసేది ఏముంటుంది? మీరు పోయినసారి బ్రెడ్డు కొన్నారు. అది మూడు నాలుగు రోజుల వస్తువు, దాచే వస్తువు కాదు.

కొట్టులో మోసపోకుండా ఉండాలంటే ప్యాకెట్ వెనక చూడండి. గరిష్ఠ చిల్లర ధర పక్కనే గ్రాముకు ఎంత, లేదా కిలోకు ఎంత అని యూనిట్ ధర కూడా ముద్రిస్తున్నారు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోకండి. కొన్ని వస్తువుల్లో చిన్న ప్యాకెట్లే గ్రాము లెక్కన తక్కువ పడతాయి. పాలపొడి అయితే చిన్న ప్యాకెట్ కొంచెం ఎక్కువ ధరైనా అదే కొనండి. పెద్ద ప్యాకెట్ చింపితే వానగాలికి రెండు రోజుల్లో గడ్డకడుతుంది, మీకు అదే జరిగింది. కొవ్వొత్తులైతే ఎన్ని అని లెక్కపెట్టవద్దు, ప్యాకెట్ మొత్తం ఎన్ని గ్రాములో చూడండి. సన్నటివి పది ఉన్న ప్యాకెట్ కన్నా లావువి నాలుగున్నది ఎక్కువసేపు వెలగవచ్చు.

అసలు కొవ్వొత్తుల కోసం అంత డబ్బు ఎందుకు? దేవుడి గదిలో కుందులు ఉన్నాయి, వత్తులున్నాయి, నూనె ఉంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో కుంది పెడితే ఒరిగినా నిప్పు అంటదు. పిల్లవాడికి, పరదాలకు దూరంగా పెట్టండి. అగ్గిపెట్టె 2021 డిసెంబరులో రూపాయి నుంచి రెండు రూపాయలయింది. అయినా అంత చవకైన వస్తువు కొట్టులో ఇంకొకటి లేదు. పది కొని, రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో విడివిడిగా పెట్టండి. ఒకటి తడిసినా ఇంకొకటి ఉంటుంది.

గడువు దగ్గరపడిందని సగం ధరకు ఇచ్చే సరుకు విషయం. ఈ వారం తినడానికైతే నిక్షేపంగా కొనండి. దాచడానికి మాత్రం కొనవద్దు. కొట్టువాడి చేతిలో చెడిపోవాల్సింది మీ చేతిలో చెడిపోతుంది.

చివరగా నీళ్లు. సీసాల నీళ్లు లీటరు ఇరవై దరిదాపు. వీధి చివర శుద్ధి చేసిన నీళ్ల ప్లాంటులో ఇరవై లీటర్ల క్యాను నింపడానికి ఇరవై, ముప్పై. మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీరు అనుకుంటే ఐదుగురికి నాలుగు రోజులకు అరవై లీటర్లు, అంటే మూడు క్యాన్లు. ఖాళీ క్యాన్లు ముందే కొని పెట్టుకుని, హెచ్చరిక వచ్చిన రోజు ఉదయమే నింపుకోండి. తిండి పదార్థాలు కానివి నింపిన పాత క్యాన్లు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి, కడిగినా వాసన పోదు, విషం పోదు.

ఎవరైనా ముద్రించిన ధర కన్నా ఎక్కువ అడిగితే బిల్లు అడగండి. అది నేరం. వినియోగదారుల సహాయ నంబరు 1915. నేను కొట్టువాడినే, అయినా చెబుతున్నాను: ఫిర్యాదు చేయండి.

ఉద్దానం ఆడపడుచు:

పెద్దాయన గారు అన్నీ చెప్పారు, బరకం (టార్పాలిన్) సంగతి నేను చెబుతాను. మాది పలాస దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలమట్టం చేసింది. మా నాన్నగారి పెంకుటిల్లు సగం పెంకులు ఎగిరిపోయాయి. మరుసటి రోజు బరకం కోసం పలాస వెళ్తే రెట్టింపు ధర చెప్పారు, అదీ దోమతెరలా పలచనిది. వారంలో చిరిగింది.

అక్కా, మీది రెండో అంతస్తు కాబట్టి మీకు పెద్దది అక్కరలేదు, కిటికీలకు, బాల్కనీకి చిన్నది చాలు. ఎవరు కొన్నా ఒక్క పని చేయండి. కొట్టులో బరకాన్ని త్రాసులో పెట్టించండి. దాని మందం జీఎస్‌ఎంలో చెబుతారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు. పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న బరకం దాదాపు ఇరవై చదరపు మీటర్లు. 250 జీఎస్‌ఎం అని అమ్ముతుంటే అది ఐదు కిలోలు తూగాలి. మూడున్నర కిలోలు తూగితే మీకు 175 ఇచ్చి 250 ధర తీసుకుంటున్నట్టు. ఈ లెక్క చెప్పగానే మా ఊరి కొట్టాయన లోపలికి వెళ్లి వేరేది తెచ్చి ఇచ్చాడు. అప్పటి నుంచి మా వీధిలో అందరూ తూకం వేయించే కొంటున్నారు.

సమయం విషయానికి వస్తే, కోతల నెలల్లో ధాన్యం కప్పుకోవడానికి రైతులు కొంటారు కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో ధర దిగదు. వేసవి మధ్యలో కొంటే కొట్టువాళ్లే పిలిచి ఇస్తారు. రైతులైతే రైతు సేవా కేంద్రంలో రాయితీ టార్పాలిన్లు వచ్చాయేమో అడగండి, వచ్చిన ఏడాది సగం ధరకే దొరుకుతాయి.

మందుల కొట్టు చెల్లి:

కంచరపాలెం అక్కా, మీ అత్తగారి ఇన్సులిన్ గురించి ఎవరూ రాయలేదు, అందుకే ఆగలేకపోయాను. నేను ఫార్మసీ చదివాను, మందుల కొట్టులో పని చేస్తున్నాను. మిగతావన్నీ తరువాత, ముందు ఇది చూసుకోండి.

తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో తలుపు దగ్గరో మధ్య అరలోనో ఉండాలి, గడ్డకట్టే అరలో ఎప్పుడూ పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా చల్లటి గదిలో సుమారు నాలుగు వారాలు ఉంటుంది, మీ పెట్టెలోని కాగితం మీద ఎన్ని రోజులో రాసి ఉంటుంది, అదే పాటించండి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. ఒక రోజు దాటితే రెండు మట్టి కుండల పద్ధతి: పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, దానిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఇన్సులిన్, పైన తడి గుడ్డ. నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. నూట ఇరవై, నూట యాభై రూపాయల్లో అయిపోతుంది. ఇంతకన్నా ఎక్కువ విలువ ఇచ్చే ఖర్చు మీ జాబితాలో లేదని నా నమ్మకం. ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో మాత్రం నేరుగా పెట్టవద్దు. హెచ్చరిక వచ్చాక మందుల కొట్టుకు వెళ్లి వెతుక్కునే వస్తువు కాదిది, ఇంట్లో వాడుతున్నది కాక ఇంకొకటి, సిరంజిలు ఎప్పుడూ ఉండాలి. తిండి వేళలు తప్పినప్పుడు మోతాదు ఎలా మార్చాలో డాక్టరు గారిని ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి.

డబ్బు మిగిలే చోటు చెబుతాను. జ్వరం మాత్రలు, మామగారి రక్తపోటు మాత్రలు, ఓఆర్‌ఎస్, గాజుగుడ్డ లాంటివి జనౌషధి కేంద్రంలో అడగండి. అదే మందు బ్రాండు పేరు లేకుండా సగం ధరకు, చాలాసార్లు అంతకన్నా తక్కువకు ఇస్తారు. చీటీలో ఉన్న మందు అసలు పేరు, మోతాదు సరిపోలితే చాలు. ప్రతి కేంద్రంలో ప్రతి మందూ ఉండదు, తుపాను వారంలో అసలే ఉండదు, కాబట్టి ఈ నెలలోనే వెళ్లండి.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు పొడి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. లీటరు నీళ్లకు కలిపేది 20.5 గ్రాములు ఉంటుంది. రంగు రంగుల డబ్బాల్లో వచ్చే తీపి పానీయాలకు ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. వాటిలో చక్కెర ఎక్కువ, ధర ఎక్కువ, విరేచనాలయ్యే పిల్లవాడికి మేలు చేయకపోగా కీడు చేస్తాయి. ప్యాకెట్లు అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువ కాకూడదు, అది గుర్తుంచుకోండి.

సింగ్‌నగర్ వాసి (విజయవాడ):

అందరి మాటలూ చదివాను. పెద్దాయన గారంటే గౌరవంతోనే ఒక మాట అడ్డు చెప్పాలనుంది. ఏడాది సరుకు అన్నారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. తెల్లవారేసరికి మంచం మునిగింది. నేను ఆ వేసవిలో చవకగా దొరికాయని రెండు బస్తాల బియ్యం, పది కిలోల కందిపప్పు కొని కింది గదిలో చెక్క బల్ల మీద పెట్టుకున్నాను. మొత్తం నీళ్లపాలు. రెండు వేల ఏడు వందల రూపాయల బియ్యం పారబోయడానికి మళ్లీ కూలి ఇచ్చాను. మా మేడ మీద తొమ్మిది మందిమి మూడు రోజులు ఉన్నాం. మా ప్రాణం నిలిపింది పక్కింటివారి అటక మీదున్న జంతికల డబ్బా, ఒక కారప్పూస డబ్బా. తరువాత పడవల్లో, డ్రోన్లతో పొట్లాలు వచ్చాయి.

అందుకని, గాలివానకు సర్దుకునేది వేరు, వరదకు సర్దుకునేది వేరు. కింది అంతస్తులో, పల్లపు వీధుల్లో ఉండేవాళ్లు టోకు ధరకు ఆశపడి బస్తాలు కొనకండి. చిన్న డబ్బాల్లో, అటక మీద, చేత్తో పట్టుకుని మెట్లెక్కగలిగినంత బరువులోనే పెట్టుకోండి. మూత బిగుతుగా ఉండే పాత ప్లాస్టిక్ డబ్బాలు మిఠాయి కొట్ల దగ్గర తక్కువకు దొరుకుతాయి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం నకళ్లు కూడా ఒక డబ్బాలో వేయండి. నావి తడిసి, మళ్లీ తెచ్చుకోవడానికి నెలలు తిరిగాను.

ఇంకొకటి, ఫోను. రెండో రోజు నా ఫోను ఆగిపోయింది. మేము ఏ మేడ మీద ఉన్నామో మా అన్నయ్యకు చెప్పలేకపోయాను. మా అమ్మకు నేను బతికి ఉన్నానని తెలియడానికి ముప్పై గంటలు పట్టింది. పవర్ బ్యాంకు కొనేటప్పుడు 10,000 అని పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని నమ్మకండి. వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ సామర్థ్యం అని ఉంటుంది, మంచి కంపెనీదైతే ఆరు వేల దరిదాపుల్లో ఉంటుంది, ఫోనులోకి చేరేది అంతే. అది అసలు రాయనివి వదిలేయండి. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య చూడండి. రోడ్డు పక్క మూడు వందలకు ఇరవై వేల సామర్థ్యం అని అమ్మేది చేతిలో పట్టుకోండి, బరువే ఉండదు.

పాత కొట్టు పెద్దాయన (గాజువాక):

బాబూ, మీ మాట నిజం. నా ఇల్లు మిట్ట మీద ఉంది, అందుకే నాకు ఆ ఆలోచన రాలేదు. పల్లంలో ఉన్నవాళ్లు మీరు చెప్పినట్టే చేయాలి. బియ్యం ఐదు కిలోల చొప్పున డబ్బాల్లోకి మార్చుకుంటే కొనే చవకా పోదు, మోసే బరువూ ఉండదు.

కోడలమ్మా, టార్చిలైట్ల గురించి రాయడం మరిచాను. మీవి ఛార్జింగ్‌వి అయి ఉంటాయి. వాడకుండా నెలల తరబడి పెడితే వాటి లోపలి బ్యాటరీ చచ్చిపోతుంది. నెలకోసారి ఛార్జింగ్ పెట్టే అలవాటు లేకపోతే సెల్స్ వేసుకునే ఎల్‌ఈడీ దీపం కొనండి. సెల్స్ దానిలో వేసి ఉంచకండి, కారి తుప్పు పట్టిస్తాయి. పక్కన అట్టపెట్టెలో పెట్టండి. గోడ గడియారానికో, టీవీ రిమోటుకో వేసే సైజే దీపానికీ పడేలా చూసుకుంటే ఒకే రకం కొంటే చాలు, పాతబడే లోపు ఇంట్లో వాడేస్తారు.

కంచరపాలెం కోడలు:

మీ అందరి మాటలూ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఈ రోజుకు కొనుగోళ్లన్నీ పూర్తయ్యాయి, లెక్క చెప్పాలనిపించింది.

పెద్దాయన గారు చెప్పినట్టు ఆగస్టు 24న పక్కింటి వదిన, కింది వాటా అక్క, నేను కలిసి పూర్ణ మార్కెట్‌కు వెళ్లాం. నా వంతుకు అటుకులు రెండు కిలోలు 130, బెల్లం రెండు కిలోలు 120, వేరుశనగ గుళ్లు కిలో 140, పుట్నాలపప్పు కిలో 110, ఉప్మా రవ్వ రెండు కిలోలు 100. వీధి కొట్టులో అగ్గిపెట్టెలు పది, 20. కొవ్వొత్తులు కొనలేదు. ఇంట్లో ఉన్న క్యాను కాక ఇంకో రెండు ఖాళీ క్యాన్లు 360. జనౌషధి కేంద్రంలో ఓఆర్‌ఎస్, జ్వరం మాత్రలు, దూది, గాజుగుడ్డ కలిపి 310. సెల్స్ వేసే దీపం 350, సెల్స్ ఎనిమిది 160. పవర్ బ్యాంకు 900, వెనక అక్షరాలు మావారు ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చదివారు, రేటెడ్ సామర్థ్యం రాసి ఉంది. మట్టి కుండలు రెండు 120. మొత్తం 2,820. మిగిలిన 180కి పది రూపాయల నోట్లు తెచ్చి, ఇంటి ఖర్చులోంచి కొన్ని యాభైలు కలిపి, అత్తగారి పోపుల డబ్బాలోనే పెట్టాను. కరెంటు, సిగ్నలు లేని రోజు ఫోనుతో చెల్లింపులు జరగవు, కొట్టువాళ్ల దగ్గర చిల్లరా ఉండదు.

కుండల పద్ధతి నిన్న ప్రయత్నించి చూశాం. ఇన్సులిన్ పెట్టలేదు, బాబు ఉష్ణమాపి పెట్టి గంట గంటకూ చూశాడు. బయట 32 ఉంటే మధ్యాహ్నానికి లోపల 26 చూపించింది. తేమ ఎక్కువ ఉన్న రోజు ఇంత తేడా రాదేమో అని అనుమానం. మందుల కొట్టు చెల్లీ, వానపడే రోజుల్లో తడి గుడ్డను ఎన్నిసార్లు మార్చాలి? అత్తగారి డాక్టరు గారి దగ్గరకు శుక్రవారం వెళ్తున్నాం, మోతాదు కాగితం అప్పుడే రాయించుకుంటాను. రెండో సిలిండరు కూడా ఈ ఉదయమే బుక్ చేశాను.